మాసచూసెట్స్‌లో సీవర్ పనికి మట్టి పరీక్షలు: చిత్తడి నేల దగ్గర బోరు వేయాలంటే దరఖాస్తు ఎలా?

పాత సీవర్ లైను మార్చాలంటే ముందు భూమి లోపల ఏముందో తెలియాలి. నీళ్లు ఎంత లోతులో తగులుతాయి, మెత్తటి పీట్ మట్టి ఎంత మందాన ఉంది, రాయి ఎక్కడ అడ్డొస్తుంది అన్నవి తేలకుండా కందకం ఖర్చు లెక్కకు రాదు. అందుకే బోర్లు, అంటే మట్టి పరీక్షకు సన్నటి రంధ్రాలు, వేస్తారు. 140 పౌండ్ల సుత్తిని 30 అంగుళాల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. చిక్కల్లా సీవర్ లైను పల్లం వెంబడి పోవడమే. వాగులూ చిత్తడి నేలలూ ఉండేదీ ఆ పల్లంలోనే.

రాష్ట్ర చిత్తడి నేలల రక్షణ చట్టం ప్రకారం ఆ నేల అంచు నుంచి 100 అడుగుల వరకు బఫర్ జోన్, అంటే నేల చుట్టూ చట్టం కాపాడే పట్టీ. ఏడాది పొడుగునా పారే నదికి మామూలుగా 200 అడుగులు. బోస్టన్, వూస్టర్ వంటి కొన్ని నగరాల్లో 25. దరఖాస్తు వెళ్లేది ఊరి కన్జర్వేషన్ కమిషన్‌కు, అంటే ఈ చట్టాన్ని ఊళ్లో అమలు చేసే సంఘానికి.

బోర్ల స్థానాలు మ్యాపు మీద ఖాయం చేసేలోపే చిత్తడి నేలల నిపుణుణ్ణి నేల మీద నడిపించండి. ఎర్ర మేపుల్, స్కంక్ క్యాబేజీ వంటి మొక్కలు ఎక్కడిదాకా ఉన్నాయో, మట్టి రంగు ఎలా ఉందో చూసి, అంచు పొడవునా నంబర్లు వేసిన రిబ్బన్లు కడతారు. మంచు కప్పేసిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. మొక్కలు కనబడని చోట గీసిన అంచు మీద కమిషన్‌కు నమ్మకం కుదరదు.

చాలామంది పొరబడేది మినహాయింపు దగ్గర. డిజైను కోసం తాత్కాలికంగా వేసే బోర్లు, నీటిమట్టం చూసే బావులు, సర్వేలు బఫర్ జోన్‌లో ఉంటే, వాటి ప్రభావం నామమాత్రమైతే, రాష్ట్ర నిబంధనలు వాటిని వదిలేస్తాయి. అయితే రిగ్గు, అంటే బోరు వేసే యంత్రం, అక్కడికి చేరడానికి చిత్తడి నేలను తొక్కకూడదు. ఎనిమిది అంగుళాల రంధ్రం కన్నా దాని దగ్గరికి వెళ్లే బండి చక్రాలే ఎక్కువ నష్టం చేస్తాయి. కాబట్టి ప్లానులో బోరు చుక్కతో పాటు రిగ్గు వెళ్లే దారిని కూడా గీయాలి. పైగా చాలా ఊళ్లకు ఇంతకన్నా గట్టి సొంత బైలా (ఊరి నిబంధన) ఉంది. రాష్ట్రం వదిలేసిన పనిని ఊరు వదలకపోవచ్చు. ముందుగా టౌన్ హాలులో కన్జర్వేషన్ ఏజెంట్‌ను (కమిషన్ తరఫు ఉద్యోగిని) కలిసి ఆ ఒక్క మాటా అడగండి.

సందేహం ఉంటే ఫారం 1 వేయండి. ‘ఈ పనికి చట్టం వర్తిస్తుందా?’ అని అడిగే దరఖాస్తు అది. 21 రోజుల్లో కమిషన్ తేల్చి చెప్పాలి.

బోరు చిత్తడి నేలలోనే పడితే, లేదా దారి దాన్ని దాటక తప్పకపోతే ఫారం 3, అంటే అనుమతి కోరే నోటీస్ ఆఫ్ ఇంటెంట్. దీని ఒక ప్రతి రాష్ట్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికీ వెళ్లాలి. 100 అడుగుల లోపు సరిహద్దు యజమానులకు కబురు పెట్టాలి. మున్సిపల్ పనికి రాష్ట్ర ఫీజు లేదు. రిగ్గు కింద పరిచే చెక్క మ్యాట్లు, తవ్విన మట్టి పెట్టే చోటు, డీజిల్ నింపే చోటు, రంధ్రం పూడ్చే పద్ధతి ప్లానులో చూపించండి. దరఖాస్తు మీద కమిషన్ జరిపే బహిరంగ విచారణలో మొదట అడిగేవి ఇవే. విచారణ ముగిసిన 21 రోజుల్లో ఉత్తర్వు వస్తుంది. ఆపై 10 పనిదినాల అప్పీలు గడువు ముగిశాక, ఉత్తర్వును రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో (ఆస్తి పత్రాల కార్యాలయంలో) నమోదు చేసి పని మొదలుపెట్టాలి.

ఏ దారిలో వెళ్లినా డిగ్ సేఫ్ (తవ్వేముందు భూమిలోని గొట్టాలు, తీగలు గుర్తు పెట్టించే సేవ) తప్పదు. బోరు చోట తెల్ల గుర్తు పెట్టి, సెలవులు, శని, ఆదివారాలు కాకుండా 72 గంటల ముందు 811కు చెప్పాలి.

ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో వైపు ఉన్న మనవాళ్లకు ఒక మాట. సరిహద్దు యజమానిగా నోటీసు వస్తే పక్కన పడేయకండి, విచారణకు వెళ్లండి. మార్చిలో మంచు కరిగినప్పుడు మీ పెరట్లో నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో బోరు వేసేవాళ్ల కన్నా మీకే బాగా తెలుసు. ఆ ఫొటోలు చేతిలో ఉంచుకోండి.