ఇంగ్లండ్‌లో కేర్ పనిలోకి కొత్తగా దిగుతున్నారా? ముందు ట్రైనింగ్ సంగతి చూసుకోండి

2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి నేరుగా కేర్ వర్కర్లను (వృద్ధులకు, వికలాంగులకు రోజువారీ పనుల్లో సాయపడేవాళ్లను) తీసుకోవడం ఆపేశారు కాబట్టి, ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికే ఇక్కడికి వచ్చి యజమాని మారుతున్నవాళ్లో, చదువుకి లేదా డిపెండెంట్‌గా వచ్చి ఈ పనిలో చేరుతున్నవాళ్లో అయ్యుంటారు. ఎవరైనా సరే, మొదటి వారం ఒకేలా ఉంటుంది. మేనేజర్ ఒక లాగిన్ ఇచ్చి ఆన్‌లైన్ కోర్సులన్నీ పూర్తి చేయమంటారు. పరీక్షలు మనకు కొత్తా ఏమిటి, రెండు రాత్రులు కూర్చుని నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే అన్నీ పాస్. నేనూ అదే చేశాను. తీరా హోయిస్ట్ (మనిషిని ఎత్తి మంచం మీంచి కుర్చీలోకి మార్చే యంత్రం) ముందు నిలబడ్డాక, స్లింగ్‌కి (మనిషిని మోసే గుడ్డ పట్టీకి) ఉన్న లూపుల్లో ఏ రంగుది ఎక్కడ తగిలించాలో నాకు తెలియదని అర్థమైంది. అందులో కూర్చోబోయేది ఎనభై దాటిన పెద్దావిడ. పక్కనున్న సీనియర్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది.

అందుకే ముందు నేర్చుకోవాల్సిన మాట, "ఇది నాకు ఇంకా నేర్పలేదు". ఇలా చెప్పడానికి మనకు నామోషీ, ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ కూడా. కానీ రానిది వచ్చని సంతకం పెట్టేస్తే, రేపు ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు ఆ సంతకమే మీ మెడకు చుట్టుకుంటుంది. కేర్ ప్లాన్‌లో (ఆ మనిషికి ఏ సాయం ఎలా చేయాలో రాసి ఉంచే పత్రంలో) ఇద్దరు చేయాలని రాసి ఉంటే, స్టాఫ్ తక్కువ ఉన్న రోజైనా ఒక్కరే హోయిస్ట్ ముట్టుకోకండి.

కేర్ సర్టిఫికెట్ అని వింటారు, కొత్తగా చేరినవాళ్లు అందుకోవాల్సిన కనీస ప్రమాణాల జాబితా అది. 2013లో కావెండిష్ రివ్యూ (సహాయక సిబ్బంది శిక్షణపై ప్రభుత్వం చేయించిన సమీక్ష) సిఫారసు చేస్తే 2015 ఏప్రిల్‌లో వచ్చింది. మొదట 15 ప్రమాణాలు, 2025లో 16 అయ్యాయి. వీడియోలు చూసినంత మాత్రాన ఇది పూర్తయినట్టు కాదు. మీరు పని చేస్తుండగా ఒకరు పక్కన ఉండి చూసి, సరిగ్గా చేస్తున్నారని సంతకం పెట్టాలి. మామూలుగా మొదటి పన్నెండు వారాల్లో అవుతుంది. 2024లో మొదలైన లెవెల్ 2 అడల్ట్ సోషల్ కేర్ సర్టిఫికెట్ దీనికంటే వేరు, అది గుర్తింపు ఉన్న క్వాలిఫికేషన్. ఆ తర్వాత సీనియర్ కావాలనుకుంటే లెవెల్ 3 డిప్లొమా, మేనేజర్ దారి పట్టాలంటే లెవెల్ 5. ఇదంతా ఇంగ్లండ్ లెక్క. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కేర్ వర్కర్లు అక్కడి సంస్థలో పేరు రిజిస్టర్ చేసుకోవాలి, కాబట్టి అటు మారేముందు కనుక్కోండి.

కోర్సుల జాబితాలో ఆలివర్ మెక్‌గోవన్ పేరు కనిపిస్తుంది. ఆటిజం, ఎపిలెప్సీ ఉన్న 18 ఏళ్ల కుర్రాడు. తనకు వద్దని తనూ, తల్లిదండ్రులూ చెప్పినా ఒక మందు ఇచ్చారు, 2016లో బ్రిస్టల్‌లో చనిపోయాడు. ఆటిజం, లర్నింగ్ డిజబిలిటీ (నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం కష్టమయ్యే స్థితి) గురించి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని 2022 హెల్త్ అండ్ కేర్ యాక్ట్‌లో పెట్టింది అందుకే. కనీసం ఆ కోర్సు ఒక్కటైనా నెక్స్ట్ నొక్కకుండా చదవండి.

నా మటుకు అన్నిటికంటే కష్టమైంది హోయిస్ట్ కూడా కాదు, చేతులు కట్టుకుని ఆగడం. పెద్దవాళ్లంటే మనమే తినిపించాలి, మనమే బట్టలు తొడగాలి, అదే ప్రేమ అనుకుంటూ పెరిగాం కదా. ఇక్కడ చొక్కా గుండీలు ఆయన పెట్టుకోగలిగితే, పది నిమిషాలు పట్టినా ఆయనే పెట్టుకోవాలి. మనం పెట్టేస్తే కొన్నాళ్లకు ఆ చేతులకు ఆ పని రాకుండా పోతుంది. స్నానం వద్దంటే? మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 ప్రకారం, నిర్ణయించుకునే శక్తి లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క, తెలివితక్కువ నిర్ణయమని మనకు అనిపించినా సరే. బలవంతం చేయకూడదు. కాసేపాగి మళ్లీ అడగండి, అడిగారనీ వద్దన్నారనీ రాయండి. తొంభై ఏళ్ల ఆవిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నెల రోజులు నోరు రాలేదు. ఎలా పిలిస్తే ఇష్టమో కేర్ ప్లాన్‌లోనే ఉంటుంది, చూసుకోండి.

రాయడం కూడా ఒక నైపుణ్యమే. "మూడ్ బాగాలేదు" అని రాస్తే తర్వాతి షిఫ్ట్‌వాళ్లకు ఏమీ తెలియదు. "మధ్యాహ్నం భోజనం సగమే తిన్నారు, రెండుసార్లు ఏడ్చారు, కూతురి గురించి అడిగారు" అని రాస్తే తెలుస్తుంది. మందులైతే ఇచ్చిన వెంటనే మార్ చార్ట్‌లో (ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చామో రాసే పట్టికలో) సంతకం, ఇవ్వకముందే ఎప్పుడూ వద్దు. ఆహారం పక్కన లెవెల్ 4 అని ఉంటే మెత్తటి ప్యూరీ; పొరపాటున బిస్కెట్ చేతికిస్తే గొంతుకు అడ్డుపడుతుంది.

ఇంగ్లీషు సంగతికొస్తే, ఐఈఎల్‌టీఎస్‌లో ఎన్ని బ్యాండ్లు వచ్చినా, పెద్దాయన "స్పెండ్ ఎ పెన్నీ" అంటే టాయిలెట్‌కి వెళ్లాలని అర్థమని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. నేను ఆయన పర్సు వెతికాను. ఉత్తరాదిన "టీ" అంటే చాలాసార్లు రాత్రి భోజనం. అర్థం కాకపోతే నవ్వి తలూపకండి, మళ్లీ అడగండి.

డబ్బు విషయం తేల్చుకోండి. యజమాని తప్పనిసరి అన్న ట్రైనింగ్‌కి పట్టిన సమయం పని సమయమే, ఇంట్లో ఆన్‌లైన్‌లో చేసినా సరే. మొత్తం గంటలతో భాగిస్తే జీతం కనీస వేతనం కంటే తగ్గకూడదు; 21 ఏళ్లు నిండినవారికి అది 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలనే షరతు కాంట్రాక్టులో ఉందేమో సంతకానికి ముందే చదవండి. అనుమానం ఉంటే ఏకాస్ (ఉద్యోగ హక్కులపై సలహా ఇచ్చే సంస్థ) హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, సలహా ఉచితం.

సర్టిఫికెట్లు వచ్చినవి వచ్చినట్టు మీ సొంత ఈమెయిల్‌కి పంపుకోండి. ఉద్యోగం మానేసిన రోజే నా లాగిన్ ఆపేశారు, పాత మేనేజర్ చుట్టూ ఆరు వారాలు తిరిగినా సగమే దొరికాయి, మిగతా కోర్సులు కొత్త చోట మళ్లీ మొదటినుంచి చేశాను.