అనుకుందాం: పాత సైన్స్ ఫిక్షన్ సినిమా మీద మన మాట చెప్పడం, మూడో పాఠం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీకు నచ్చిన పాత సైన్స్ ఫిక్షన్ సినిమా ఒకటి తీసుకుని, కథంతా చెప్పకుండా, అందులో ఒక్క సీన్ గురించి రెండు నిమిషాలు మాట్లాడి, ఫోన్లో రికార్డు చేసి వినమన్నాను. చేసినవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. సీన్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. అది ఎందుకు నచ్చిందో చెప్పబోతేనే నోట మాట రాదు. ‘సూపరుంది’ అంటాం. ‘గ్రాఫిక్స్ అదిరిపోయాయి’ అంటాం. ఇంకేమీ తోచకపోతే ‘ఆ రోజుల్లోనే అలా తీశారంటే గొప్పే’ అంటాం.

ఈ మూడో మాటను పూర్తిగా మానేయమని అడుగుతున్నాను. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది గాని, అది సినిమా వయసు చూసి వేసే గ్రేస్ మార్కు. మంచి సినిమాకు గ్రేస్ మార్కులు అక్కర్లేదు. దాని మార్కులు దానికి వేయడం మనకు రావాలి. ఈ పాఠం అందుకోసమే.

శ్రీకాకుళంలో మా మేడ మీద నెలకు రెండు ఆదివారాలు పది పన్నెండు మందిమి కూర్చుని ఒక పాత సినిమా చూస్తాం, తర్వాత మాట్లాడుకుంటాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ పాఠానికి కావలసిన తాళంచెవి నాకు క్లాసులో దొరికింది. బీజగణితం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద ‘కావలసిన సంఖ్య ఎక్స్ అనుకుందాం’ అని రాస్తాను. ఏటా ఎవరో ఒకరు లేచి ‘ఎందుకు అనుకోవాలి మాస్టారూ?’ అని అడుగుతారు. ‘ముందు అనుకో. లెక్క తేలకపోతే అప్పుడు అడుగు’ అంటాను. సైన్స్ ఫిక్షన్ సినిమా కూడా మనల్ని ఇదే అడుగుతుంది. ఫలానాది ఉందనుకుందాం, లేదా జరిగిందనుకుందాం అంటుంది. ఆ ఒక్కటీ మనం ఒప్పుకుంటే మిగతా సినిమా అంతా దాని లెక్క.

కాబట్టి సినిమా గురించి నోరు తెరిచే ముందు దాని ‘అనుకుందాం’ ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. వాక్యం చివర ‘అనుకుందాం’ అనే మాట తప్పకుండా ఉండాలి. సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ తీసుకుంటే: కాలంలో వెనక్కీ ముందుకీ తీసుకుపోయే యంత్రాన్ని ఒక ప్రొఫెసర్ తయారు చేశాడనుకుందాం. కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి: అంతరిక్ష నౌకను నడిపే కంప్యూటర్ మనిషిలాగే ఆలోచిస్తుంది, తాను తప్పు చేయనని నమ్ముతుంది అనుకుందాం. హీరో, విలన్, ప్రేమ, పాటలు ఈ వాక్యంలోకి రాకూడదు. రెండు మూడుసార్లు కొట్టేసి రాస్తే గాని కుదరదు. కొట్టేయడానికి మొహమాటపడకండి.

మా మేడ మీద దీనికి వెంటనే ఒక పేచీ వచ్చింది. ‘అలాగైతే మాయాబజార్ కూడా సైన్స్ ఫిక్షనే కదా బావా, ప్రియదర్శిని పెట్టె అంటే వీడియో కాలే కదా’ అన్నాడు మా బావమరిది. మంచి ప్రశ్నే. ఆ పెట్టె ఎవరు తెరిస్తే వాళ్లకు ప్రియమైనది కనిపిస్తుంది. కాని అదెలా పనిచేస్తుందని సినిమాలో ఎవరూ అడగరు, మనకూ అడగాలనిపించదు. దాని వల్ల లోకం ఎలా మారిపోతుందన్నది ఆ కథకు పట్టని విషయం. ఎవరి మనసులో ఎవరున్నారన్నదే దానికి కావాలి. అందుకని నా లెక్కలో అది గొప్ప మాయ కథ, సైన్స్ ఫిక్షన్ కాదు. ఆ సినిమాకు సింగీతం గారు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు, 34 ఏళ్ల తర్వాత తాను కాలయంత్రం కథ తీశారు. ఒకే మనిషి రెండు రకాల ఊహల్లోనూ చెయ్యి పెట్టాడని తలచుకుంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

‘అనుకుందాం’ దొరికాక చూడవలసింది లెక్క. ఒప్పుకున్న ఊహకు సినిమా కట్టుబడి ఉందా? ఇక్కడ రెండు రకాల తప్పులను కలిపేయకండి. మన సైన్స్ పుస్తకంతో సరిపోకపోవడం ఒకటి, తన మాట తానే తప్పడం ఇంకొకటి. 1902లో ఫ్రాన్స్‌లో మెలియెస్ తీసిన ‘ఎ ట్రిప్ టు ది మూన్’లో లోపల మనుషులను కూర్చోబెట్టి ఫిరంగితో పేల్చిన గుండు వెళ్లి చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ గుండు చంద్రుడి అంచు నుంచి జారి భూమ్మీది సముద్రంలో పడుతుంది. మా స్కూలు పిల్లలు కూడా తప్పని చెప్పేస్తారు. అయితే చంద్రుడికి ముఖం ఉన్న లోకంలో ఆ పడిపోవడం సరిగ్గా ఇమిడిపోయింది. నాకు అది లోపం కాదు. తన నియమాన్ని తానే మరిచిపోయిన సినిమా మీదే నాకు కోపం వస్తుంది.

‘ఆదిత్య 369’కి లెక్క చూద్దాం. యంత్రం 1526కి వెళ్తుంది. కృష్ణదేవరాయలు పాలించింది 1509 నుంచి 1529 దాకా కాబట్టి సంవత్సరం సరిపోయింది. తర్వాత 2504. యుద్ధం తర్వాత జనం నేల కింద బతుకుతుంటారు. నా అభిప్రాయం చెప్తాను. 1526 నిండుగా ఉంది, 2504 పలచగా ఉంది. కారణం డబ్బో గ్రాఫిక్సో కాదు. విజయనగర సభ అనగానే కవులు, నాట్యం, తెనాలి రామకృష్ణుడు, చిన్నప్పటి నుంచి విన్న కథలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి. భవిష్యత్తుకు అలాంటి సామాను లేదు, అన్నీ కొత్తగా పుట్టించుకోవాలి. ఈ మాట మీరు ఒప్పుకోనక్కర్లేదు. కాని దీనికి ఎదురు చెప్పాలంటే ఏ సీన్ పట్టుకోవాలో మీకు తెలిసిపోయింది, చూశారా. అభిప్రాయం అలా ఉండాలి. ఎదుటివాడికి చెయ్యి వేసే చోటు దొరకాలి.

ఇప్పుడు ఒక అభిప్రాయం ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను. సినిమా జపాన్ వాళ్ల ‘గాడ్జిల్లా’, 1954, ఇషిరో హోండా దర్శకుడు. బ్లాక్ అండ్ వైట్. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, అర్థం కానివాళ్ల కోసం మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాను.

చూశాక మాలో ఒక అంగన్వాడీ టీచరమ్మ, ఎచ్చెర్ల వైపు సముద్రం ఒడ్డు పల్లె కోడలు, ముందుగా అన్న మాట ఇది: ‘బాగుంది మాస్టారూ. ఆ జంతువే రబ్బరు బొమ్మలాగుంది.’ సూట్ లోపల మనిషే ఉన్నాడు కాబట్టి ఆమె అన్నది నిజమే. అయినా ఇంకా అభిప్రాయం కాలేదు. ‘బాగుంది అన్నావు కదమ్మా, ఎక్కడ?’ అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది.

‘ఓడ మునిగిపోయాక ఆడోళ్లంతా కంపెనీ ఆఫీసుకొచ్చి మావోళ్లేటయ్యారని అడుగుతారు చూడండి. అక్కడ. జంతువు ఇంకా కనిపించనే లేదు. నాకు అక్కడే భయమేసింది.’

ఇది రెండో మెట్టు, సీన్ దొరికింది. అప్పుడు ‘అనుకుందాం’ రాయమన్నాను. ఆమె రాసింది: సముద్రం అడుగున ఉన్న పాతకాలపు జంతువును హైడ్రోజన్ బాంబు పరీక్షలు లేపాయనుకుందాం. నేను ఒక్క సంగతి కలిపాను. ఆ ఏడాది మార్చిలో అమెరికా బికిని దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసినప్పుడు జపాన్ చేపల పడవ ఒకటి ఆ బూడిదలో చిక్కుకుంది. అందులో 23 మంది. రేడియో ఆపరేటరు సెప్టెంబరులో చనిపోయాడు. సినిమా నవంబరులో విడుదలైంది. సినిమా మొదట్లో సముద్రం మీద వెలుగు చూసి డెక్ అంచుకు పరిగెత్తిన మనుషులు ఎవరో ఆనాటి ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

టీచరమ్మ మూడోసారి మాట్లాడినప్పుడు మేడ మీద ఎవరూ కదల్లేదు. ‘2018లో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్లిన మనోళ్లు పాకిస్తాన్‌కి దొరికిపోయారు కదా. 2020 జనవరి దాకా రాలేదు. అన్నాళ్లూ మా వైపు ఆడోళ్లు ఏ ఆఫీసు గుమ్మం తొక్కలేదు? ఈ సినిమా జంతువుతో మొదలవలేదు, కబురు కోసం నిలబడ్డ ఆడోళ్లతో మొదలయింది. అందుకే తర్వాత జంతువు వచ్చినప్పుడు బొమ్మని తెలిసినా నవ్వు రాలేదు. బాంబు ఎవరో పేల్చారు, గుమ్మం దగ్గర నిలబడింది వేరేవాళ్లు. సినిమా ఆ లెక్క తప్పలేదు.’

ఇందులో కథ లేదు. పొగడ్త లేదు. సీన్ ఉంది, ఊహ ఉంది, ఆ రెండింటినీ కలిపే కారణం ఉంది. ఆమె బతుకు కూడా ఉంది, సీన్ అడిగినంత మేరకే ఉంది. ఈ కొలత గురించి ఒక హెచ్చరిక. ఆ వెంటనే ఇంకొకాయన కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఎత్తుకున్నారు. మన జిల్లాలో అది నిజంగా మాట్లాడుకోవలసిన విషయమే. కాని ఈ సినిమా ‘అనుకుందాం’ బాంబు పరీక్షల మీద ఉంది, కరెంటు తయారీ మీద లేదు. అరగంట గడిచాక చూస్తే సినిమాలోని సీన్ ఒక్కటీ ఎవరి నోటా లేదు. మీ ఊరిని సినిమాలోకి తప్పకుండా తీసుకురండి, కాని ఏ సీన్ తలుపు తీసిందో చెప్పి తీసుకురండి.

ఆ సినిమాలో నాకు నచ్చిన లెక్క చివర్లో ఉంది. సెరిజావా అనే శాస్త్రవేత్త దగ్గర జంతువును చంపగల ఆయుధం ఉంటుంది. వాడితే బాంబు లాంటిదే ఇంకొకటి లోకానికి అందించినట్టవుతుంది. ఆయన కాగితాలన్నీ కాల్చేసి, ఆయుధంతో పాటు సముద్రంలోకి దిగి, పైకి రాడు. విజ్ఞానం తెచ్చిన ఆపదతో మొదలైన కథ ఆ విజ్ఞానం తెలిసిన మనిషి బాధ్యత దగ్గర తేలింది. ఒక సంగతి కూడా చెప్పాలి. గాడ్జిల్లా అరుపు ఏ జంతువుదీ కాదు. డబుల్ బాస్ అనే పెద్ద తంత్రీవాద్యం తీగలను తోలు గ్లోవుతో రాసి పుట్టించారు. వచ్చే వారం కళ్లు మూసుకుని ఒకసారి వినండి.

ఒకటి మిగిలింది. మీకు ప్రాణమైన సినిమా ఎదుటివాళ్లకు నచ్చకపోతే? ‘2001’ చూసి మా మేనల్లుడు ‘బోర్ మావయ్యా’ అన్నాడు. ‘నీకు అర్థం కాలేదులే’ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది. ‘ఏ సీన్లో?’ అని అడిగాను. నౌకలు నెమ్మదిగా తిరిగే చోట అన్నాడు. 1968లో, చంద్రుడి మీద మనిషి ఇంకా కాలు పెట్టని ఏడాది, అంత బరువైన నౌక ఎలా కదులుతుందో ఓపిగ్గా చూపించారని నా వాదన చెప్పాను. తర్వాత ఇద్దరు వ్యోమగాములు కంప్యూటర్‌కు వినపడకూడదని చిన్న నౌకలోకి వెళ్లి మాట్లాడుకునే సీన్ మళ్లీ వేశాను. మనకు మాటలు వినిపించవు. కంప్యూటర్ ఎర్రటి కన్ను వాళ్ల పెదవులను చూస్తూ ఉంటుంది. ‘ఇది మాత్రం టెన్షన్‌గా ఉంది’ అన్నాడు. చివర్లో రంగుల వెలుగులు నాకు కూడా ఎక్కువసేపు అనిపిస్తాయని నేనూ ఒప్పుకున్నాను. ఇష్టమైన సినిమాలో నచ్చని చోటు ముందే చెప్పేస్తే, నచ్చిన చోటు గురించి చెప్పేది ఎదుటివాళ్లు నమ్ముతారు.

ఈసారి చేయవలసిన పని. పోయినసారి తీసుకున్న సినిమానే తీసుకోండి. ‘అనుకుందాం’ వాక్యం రాసి, మీ సీన్ ఆ వాక్యంలోంచి ఎలా వచ్చిందో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. సీన్‌కూ వాక్యానికీ చుట్టరికం దొరక్కపోతే వాక్యం మార్చండి, సీన్ మార్చకండి. మీకు నచ్చింది సీనే కాబట్టి అది ఉండాలి. తర్వాత ఆ సినిమా చూడని మనిషికి, ఇంట్లో అమ్మకో పక్కింటివాళ్లకో, చదవకుండా చెప్పండి. వాళ్లు మొదట అడిగిన ప్రశ్న ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ కాగితంతో మొదలుపెడదాం.