వాటర్‌స్కీ పిరమిడ్: సమ్మర్ క్యాంపు షోకి ముగ్గురిని తయారు చేయడం

వాటర్‌స్కీయింగ్ అంటే కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని, బోటు తాడుతో లాగుతుంటే నీళ్ల మీద జారడం. అది పుట్టింది అమెరికాలోని మిన్నెసోటాలో. 1922లో రాల్ఫ్ శామ్యూల్సన్ పెపిన్ సరస్సు మీద మొదలుపెట్టాడు. ఆ చుట్టుపక్కల సరస్సుల ఒడ్డున నడిచే క్యాంపుల్లో సీజన్ చివర పిల్లలతో స్కీ షో వేయించడం ఉంది. జె-1 వీసా (అమెరికా ఇచ్చే ఎక్స్చేంజ్ వీసా) మీద క్యాంపు పిల్లల్ని చూసుకునే కౌన్సెలర్లుగా వెళ్లే మన విద్యార్థులకి స్పాటర్ (బోటులో కూర్చుని వెనకాల స్కీయర్లని గమనించే మనిషి) పనో, ఒడ్డు మీద సాధన చేయించే పనో తగలొచ్చు. షోలో అందరూ ఎదురుచూసేది పిరమిడ్ కాబట్టి ఇక్కడ దాని సంగతే: కింద ఇద్దరు, పైన ఒకరు.

ఆగస్టు 15కి స్కూలు గ్రౌండులో వేసే పిరమిడ్ లాంటిది కాదిది. అక్కడ బరువంతా నేరుగా కిందికే పోతుంది. ఇక్కడ తాడు ముందుకి లాగుతూ ఉంటుంది. కిందివాళ్లు నిటారుగా నిలబడితే బోర్లా పడటం ఖాయం. అందుకే ఒడ్డు మీద సాధన కూడా తాళ్లతోనే చేయించాలి. మూడు తాళ్లనీ గట్టి స్తంభానికి కట్టి, వాటి చివరి హ్యాండిళ్లు (పట్టుకునే పిడులు) పట్టుకుని, గడ్డి మీద, మోకాళ్లు వంచి, చేతులు చాచి, కాస్త వెనక్కి వాలి నిలబడమనండి. ఎక్కే మనిషి వెనకాల ఇద్దరు కాపు ఉండాలి. వరసగా పదిసార్లు తడబడకుండా ఎక్కి దిగేదాకా నీళ్లలోకి పంపొద్దు.

కిందివాళ్లిద్దరి భుజాలూ ఒకే ఎత్తులో ఉండాలి, పైకెక్కేవాళ్లు అందరికన్నా తేలిగ్గా ఉండాలి. ముగ్గురికీ ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని ఒక రౌండు పడకుండా తిరగడం వచ్చి ఉండాలి.

తాళ్లు మూడూ ఒకే పొడవు, ఒకే రకం, ఒకే వయసువి. మామూలు స్కీ తాడు 23 మీటర్లు ఉంటుంది. పాతదీ కొత్తదీ కలిపితే తడిశాక ఒకటి ఎక్కువ సాగి, ఒక మనిషి వెనకబడతాడు. పిరమిడ్ కుదరనప్పుడు పిల్లల్ని కోప్పడే ముందు తాళ్లు పక్కపక్కన పరిచి కొలవండి.

ఎక్కే వరస ఇదీ. బోటు గంటకి 30 కిలోమీటర్ల దగ్గర నిలకడగా సాగాక, ఎక్కే మనిషి ఇద్దరి మధ్యకి వస్తుంది. ఒక స్కీ వదిలేసి ఆ పాదాన్ని పక్కవాళ్ల తొడ మీద, నడుము మడతకి ఆనించి పెడుతుంది. మోకాలి వైపుకి జరిగితే కాలు జారుతుంది, కిందివాళ్లకి నొప్పి కూడా. రెండో స్కీ కూడా వదిలి, రెండో పాదం రెండోవాళ్ల తొడ మీదికి. ఆపైన ఒక్కో పాదం ఒక్కో భుజం మీదికి, మెడకి దగ్గరగా. తన హ్యాండిల్ మాత్రం వదలదు, పైన నిలదొక్కుకోవడానికి ఆ లాగుడే ఆధారం. కిందివాళ్లు లోపలి చేత్తో ఆమె పిక్కల్ని వెనకనుంచి పట్టుకుంటారు. ఎక్కుతున్నంతసేపూ కిందికి చూడకూడదు, తల వంగితే నడుమూ వంగుతుంది.

ఆ వేగంలో బోటు సెకనుకి 8 మీటర్లకి పైనే పోతుంది. ఎక్కడానికి 20 సెకన్లనుకుంటే అదే 170 మీటర్లు. కాబట్టి ప్రేక్షకులకి 200 మీటర్ల ముందే మొదలుపెట్టాలి, వాళ్లని దాటాక దిగడానికీ చోటుండాలి. మలుపులో మాత్రం ఎవరూ ఎక్కొద్దు. బయటి తాడు బిగుస్తుంది, లోపలిది వదులవుతుంది, ఇద్దరూ విడిపోతారు.

పడేటప్పుడు ఒకటే నియమం: ముగ్గురూ వెంటనే హ్యాండిళ్లు వదిలేయాలి. ఒకరు పట్టుకుని సాగిపోతే వాళ్ల స్కీ మిగతావాళ్లకి తగులుతుంది. హ్యాండిల్లోకి మోచెయ్యి దూర్చడం ఎప్పటికీ నిషేధం. పైనున్నవాళ్లు వెనక్కి, కాళ్లు ముందుగా దిగాలి. నీళ్లలో పడ్డాక తల మీద రెండు చేతులూ కలిపితే "బాగానే ఉన్నా" అని. ఆ గుర్తు రాకపోతే స్పాటర్ చెప్పగానే డ్రైవరు తిరిగి రావాలి. డ్రైవరు ముందుకే చూడాలి, వెనక్కి చూసే పని స్పాటర్‌ది.

వదిలేసిన స్కీలు తేలుతూ ఉంటాయి. బోటు మళ్లీ అదే దారిన వచ్చేలోపు వాటిని ఏరడానికి రెండో బోటు కావాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఇక సంగీతం ఒడ్డున ఉన్నవాళ్ల కోసమే. ఇంజను హోరులో స్కీయర్లకి సరిగ్గా వినపడదు, కింద ఎడమవైపు మనిషి గట్టిగా లెక్క చెబితే మిగతా ఇద్దరూ దాన్ని బట్టి కదలాలి. దుస్తులకి వేలాడే అంచులూ రిబ్బన్లూ వద్దు, లైఫ్ జాకెట్ బకిల్ దేని కిందా దాగకూడదు.