తెరచాప పడవల ఫొటోగ్రఫీ: కెమెరా కంటే ముందు గాలిని తెలుసుకోవాలి

కాలేజీ చదువు ముగించి, ఉద్యోగంలో కుదురుకుని, సెలవు రోజుల్లో కెమెరాకు తగిన వస్తువు కోసం వెతుక్కునేవారికి తెరచాప పడవల పోటీలు ఎంతో మంచి అవకాశం. అయితే హుస్సేన్ సాగర్ గట్టున నిలబడి పెద్ద లెన్సుతో తీసిన ఫొటోల్లో చాలావాటిలో నీళ్ల మధ్య ఒక తెల్లని త్రికోణం తప్ప మరేమీ కనిపించదు. ఇది లెన్సు లోపం కాదు. గాలి ఎటు నుంచి వస్తోందో, పడవ మరుక్షణంలో ఎటు తిరగబోతోందో తెలియకపోవడమే దీనికి కారణం. అందువల్ల తెరచాపలను ఫొటో తీయాలనుకునేవారు మొదట సెయిలింగ్ క్లబ్బులో చేరి కొన్ని వారాలైనా చుక్కాని పట్టడం నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. లెన్సు కొనే డబ్బులో కొంత ఆ శిక్షణకు పెట్టడమే లాభం.

ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో కార్ల్‌టన్ మిచెల్ జీవితం చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంలో యుద్ధ ఫొటోగ్రఫీ బాధ్యతలు చూసిన ఈయన, ఆ తర్వాత పడవలపై తిరుగుతూ రాశాడు, ఫొటోలు తీశాడు. 38 అడుగులు దాటిన ‘ఫినిస్టెర్’ అనే తన తెరచాప పడవతో 1956, 1958, 1960 సంవత్సరాల్లో న్యూపోర్ట్ నుంచి బెర్ముడా దీవి వరకు, 600కు పైగా నాటికల్ మైళ్లు సాగే పోటీని వరుసగా మూడుసార్లు గెలిచాడు. ఆయన ఫొటోల సేకరణ ఇప్పుడు కనెక్టికట్ రాష్ట్రంలోని మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియంలో ఉంది. తాడు ఎప్పుడు బిగుస్తుందో, పడవ ఎప్పుడు ఒరుగుతుందో శరీరానికే తెలిసిన మనిషికి కెమెరా ఎప్పుడు ఎత్తాలో వేరొకరు చెప్పవలసిన పని ఉండదు.

ఇక పనిలోకి వద్దాం. ఒడ్డున నిలబడే చోటును నిర్ణయించేవి రెండు: గాలి, ఎండ. హైదరాబాదులో నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది కనుక, గాలికి ఎదురు సాగే అంకంలో పడవలు ట్యాంక్ బండ్ వైపు నుంచి నెక్లెస్ రోడ్డు వైపు వంకరటింకరగా వెళతాయి. అప్పుడు తెరచాప ఎప్పుడూ గాలి పోయే వైపుకు తెరుచుకుని ఉంటుంది, నావికుడు మాత్రం గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని వెనక్కి వాలి ఉంటాడు. అంటే గాలి పోయే వైపు నుంచి తీస్తే గుడ్డ అడ్డొచ్చి మనిషి కనిపించడు. గాలి వచ్చే వైపు నుంచి తీస్తే ముఖం, చేతులు, బిగుసుకున్న తాడు అన్నీ కనిపిస్తాయి. ఒడ్డు నుంచి తీసే ఫొటోలకు ఇంతకు మించిన సూత్రం నాకు తెలియదు.

దీనికి ఎండను జోడించి చూడండి. మధ్యాహ్నం దాటాక నెక్లెస్ రోడ్డు వైపు నిలబడితే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, పడవలు మన వైపే వస్తుంటాయి, నావికుల ముఖాలపై వెలుగు పడుతుంది. అదే సమయంలో ట్యాంక్ బండ్ మీద నిలబడినవారికి వెలుగు ఎదురు వస్తుంది. అది కూడా పనికిరానిదేమీ కాదు. ఎదురు వెలుగులో తెరచాప గుడ్డ దీపపు చిమ్నీలా లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది, కుట్టుగీతలు, లోపల దూర్చిన సన్నని బద్దలు స్పష్టంగా తేలుతాయి. ముఖాలు కావాలంటే ఒక గట్టు, గుడ్డ అందం కావాలంటే మరో గట్టు ఎంచుకోవాలి. ఉదయం వేళ ఎండ తూర్పు నుంచి వస్తుంది కనుక ఈ లెక్క తిరగబడుతుంది.

అన్నింటికంటే విలువైన క్షణం, పడవ గాలికి ఎదురుగా ముక్కు తిప్పి దిశ మార్చుకునే ‘ట్యాకింగ్’. ఒక్కరే నడిపే లేజర్ పడవను, అంటే ఇప్పుడు ఇల్కా అని పిలిచే 4 మీటర్లు దాటిన చిన్న పడవను, గమనించండి. ముందుగా నావికుడు తల తిప్పి, తాను వెళ్లబోయే వైపు మరో పడవ ఉందేమోనని చూస్తాడు. కెమెరా కంటికి ఆనించవలసిన సమయం అదే. తర్వాత చుక్కాని పిడిని తన నుంచి అవతలికి నెడతాడు. పడవ ముక్కు గాలి వైపు తిరుగుతుంది, అప్పటిదాకా బిగుతుగా ఉన్న తెరచాప ఒక్కసారిగా పటపటమని కొట్టుకుంటుంది. నావికుడు బూమ్ (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకర్ర) కింద నుంచి తల వంచి రెండో అంచుకు దూకుతాడు, పాదాలను నడుమ ఉన్న పట్టీ కిందికి దూర్చి మళ్లీ వెనక్కి వాలతాడు. ఇదంతా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. తెరచాప కొట్టుకోవడం చూశాక కెమెరా ఎత్తేవారికి నావికుడి వీపు మాత్రమే దొరుకుతుంది.

పోటీలో ఎక్కడ కాచుకోవాలో కూడా ముందే అనుకోవచ్చు. సాధారణంగా ఆరంభానికి 5 నిమిషాల ముందు తొలి సంకేతం, 4 నిమిషాలకు రెండోది, 1 నిమిషానికి మరొకటి వస్తాయి. ఆఖరి నిమిషంలో పడవలన్నీ ఒకే గీత దగ్గర గుమిగూడతాయి. తర్వాత మంచి చోటు గాలి వైపున తేలే మొదటి బోయ, అంటే పడవలు చుట్టి తిరగవలసిన తేలే గుర్తు, ఎందుకంటే అక్కడ పడవలు ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరగా తిరుగుతాయి. గాలివాటున తిరిగి వచ్చే అంకం ఒడ్డు నుంచి చూస్తే మందకొడిగానే ఉంటుంది.

కెమెరా అమరికల సంగతి క్లుప్తంగా చెబుతాను. షట్టర్ వేగం సెకనులో 1000వ వంతు, నీటి తుంపరలు కూడా ఆగి కనిపించాలంటే 2000వ వంతు సరిపోతుంది. తెల్లని తెరచాప ఫ్రేములో ఎక్కువ భాగం ఆక్రమిస్తే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు మోసపోయి ఫొటోను బూడిదరంగులోకి దింపుతుంది కనుక, ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాపు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) పెంచాలి. గుడ్డలోని కుట్లు మాయమవుతున్నాయా లేదా అన్నది వెంటనే తెర మీద చూసుకోవాలి. పోలరైజర్ నీటి మీది మెరుపును తగ్గిస్తుంది గానీ వెలుగును కూడా చాలా మింగేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో దాన్ని తీసి సంచిలో పెట్టడమే మేలు. అటువంటి రోజుల్లో తెల్లని తెరచాప వెనక తెల్లని ఆకాశం రాకుండా, చెట్ల వరుసనో గట్టునో నేపథ్యంగా ఎంచుకోండి. నీటి గీత మాత్రం తప్పనిసరిగా సమంగా ఉండాలి. అది వంకరైతే పడవ నిజంగా ఎంత ఒరిగిందో చూసేవారికి తెలియదు.

మోటారు పడవ మీద నుంచి తీసే అవకాశం దొరికితే ముందుగా పోటీ నిర్వాహకుల అనుమతి తీసుకోండి. నడిపే వ్యక్తితో పడవల దారికి అడ్డు రావద్దని, పోటీదారుల దగ్గర వేగం తగ్గించమని స్పష్టంగా చెప్పండి. మోటారు లేపే అలలు చిన్న పడవల వేగాన్ని దెబ్బతీస్తాయి. ఫొటో కోసం ఒకరి పోటీ పాడవడం న్యాయం కాదు. మోచేతులను పడవ అంచుకు ఆనించకూడదు, ఇంజిను అదురు అంతా కెమెరాలోకి ఎక్కుతుంది. మోకాళ్లు కాస్త వంచి నిలబడి, కుదుపును కాళ్లతోనే మింగాలి. ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో, కౌస్ పట్టణంలో పనిచేసిన పడవల ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ బీకెన్ రెండు చేతులతో పెట్టె కెమెరాను స్థిరంగా పట్టుకుని, నోట్లో ఉంచుకున్న రబ్బరు బంతిని పళ్లతో కొరికి షట్టర్ నొక్కేవాడు. కదిలే పడవలో కెమెరాను కదలకుండా పట్టుకోవడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మీరే నడుపుతూ తీయాలనే కోరిక సహజమే గానీ, లేజర్ పడవలో ఒక చెయ్యి చుక్కానికి, మరో చెయ్యి తాడుకు పోతుంది. ఇద్దరు ముగ్గురు పట్టే పడవలో వంతులు వేసుకుని, ఒకరు నడుపుతుంటే మరొకరు తీయడమే సరైన పద్ధతి. కెమెరా పట్టీని మెడలో వేసుకోకండి, బూమ్ తిరిగినప్పుడో పడవ బోల్తాపడినప్పుడో అది చిక్కుకునే ప్రమాదం ఉంది. మణికట్టు పట్టీ చాలు. లైఫ్ జాకెట్ లేకుండా ఎట్టి పరిస్థితిలోనూ పడవ ఎక్కవద్దు, ఈతగాళ్లకు కూడా ఇందులో మినహాయింపు లేదు.

విశాఖపట్నం వంటి చోట సముద్రంపై తీస్తే ఉప్పు అసలైన శత్రువు. లెన్సు మీద ఎండిన ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో ముందు అద్ది, తర్వాతే తుడవాలి. నీళ్ల మీద లెన్సులు మార్చకూడదు. ఇంటికి చేరాక కెమెరా శరీరాన్ని కూడా అలాగే తుడిచి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో ఉంచండి.

ప్రతి ఫొటోకూ తేదీ, గాలి దిశ, నిలబడిన చోటు, తెరచాప మీది సంఖ్య రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. ఆ సంఖ్యను బట్టి నావికుడెవరో క్లబ్బువారు చెబుతారు, ఫొటో వారికి పంపవచ్చు. తాను వెనక్కి ఎంత వాలుతున్నాడో, తెరచాప ఎక్కడ వదులైందో అందులో చూసి దిద్దుకోగలడు కనుక ఆ ఫొటో అతనికి శిక్షణలో ఉపయోగపడుతుంది. ఆప్టిమిస్ట్ తరగతి పడవలు నడిపేవారంతా 15 ఏళ్ల లోపు, ఆ చుట్టుపక్కల వయసు పిల్లలే కనుక, వారి ఫొటోలు ఎక్కడైనా ప్రచురించే ముందు తల్లిదండ్రులను తప్పక అడగాలి.