మేక ఈనలేకపోతోంది, పిల్ల రావట్లేదు: ముందు చెయ్యి పెట్టి చూడండి

నీటి సంచి పగిలి అరగంట దాటినా, గట్టిగా ముక్కడం మొదలై గంటైనా పిల్ల రాకపోతే ఎదురుచూడటం ఆపేయండి. గోళ్ళు తీసేసి, గ్లవ్ వేసుకుని, జెల్ బాగా రాసి లోపల చూడండి. ఇది చెయ్యకుండానే గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పొడిచేసి తర్వాత ఫోన్ చేస్తారు, నిజంగా బాధేస్తుంది, దారి మూసుకుని ఉండగా గర్భసంచిని బలవంతంగా బిగిస్తే లోపల పిల్లకి ఊపిరి అందదు, సంచి చిరిగిపోవచ్చు కూడా.

తల, కాళ్ళు తగిలితే సంతోషం. తల వెనక్కి తిరగడం, మోకాలు మడతపడటం లాంటివి సరిచేసి తియ్యడం మీకు తెలిసిందే.

అసలు మోసం చేసేది సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) తెరుచుకోకపోవడం. మేక లేస్తూ పడుకుంటూ ఉంటుంది, జిగురు కారుతుంది, కానీ పెద్దగా ముక్కదు, దాంతో ఇంకా టైమ్ కాలేదులే అని రాత్రంతా వదిలేస్తారు, పొద్దున చూస్తే మాయ ముక్క బయటికి వేలాడుతూ వాసనొస్తుంటుంది. వేలు పెడితే రింగులా తగులుతుంది, ఒకటి రెండు వేళ్ళకి మించి పట్టవు. ఇక్కడే తేడా పట్టుకోవాలి. పిల్ల అడ్డం తిరిగినా, పిరుదులతో వస్తున్నా సర్విక్స్ మీద ఒత్తిడి పడదు, అందుకే తెరుచుకోదు, ఒంట్లో కాల్షియం తగ్గినా అంతే. ఈ రకంలో రింగు మెత్తగా ఉంటుంది, కాల్షియం బోరోగ్లూకోనేట్ నెమ్మదిగా ఎక్కిస్తూ వేళ్ళతో గుండ్రంగా సాగదీస్తే చాలాసార్లు లొంగుతుంది. అరగంటకీ గట్టిగానే ఉంటే అది అసలు రింగ్‌వూంబ్ (సర్విక్స్ రింగులా బిగుసుకుపోయి తెరుచుకోకపోవడం), బలం పెడితే సర్విక్స్ చిరిగి రక్తం పోతుంది. పిల్ల బతికుండగానే సిజేరియన్‌కి వెళ్ళిపోండి, ఇంకో ఇంజెక్షన్ చూద్దాం అని సాయంత్రం దాకా లాగొద్దు.

యోని గోడలు మెలితిరిగిన మడతల్లా తగిలితే గర్భసంచి మెలిక, మెలిక ఎటు తిరిగిందో అటే మేకని దొర్లిస్తే విడిపోవచ్చు. మెలిక సర్విక్స్‌కి అవతల పడితే మాత్రం మడతలు చేతికి తెలియవు, అనుమానముంటే పొట్ట తెరవడమే మేలు. కటి ఎముక ఎప్పుడో విరిగి ఉండటం, గర్భసంచిలో నీరు ఎక్కువ చేరడం లాంటివి అరుదు, వాటి గురించి ముందే బుర్ర పాడుచేసుకోకండి.

ఆపరేషన్ డాక్టరే చెయ్యాలి, ఎడమ డొక్కలో. కోసేచోట మొద్దుబార్చే లిగ్నోకైన్ మేకకి తొందరగా విషమవుతుంది, కిలోకి 5 మి.గ్రా. దాటకండి: 30 కిలోల మేకకి 2 శాతం మందు 7.5 మి.లీ. మాత్రమే, చాలదనుకుంటే అంతే సెలైన్ కలిపితే 1 శాతం మందు 15 మి.లీ. అవుతుంది. మత్తుమందు జైలజీన్ వద్దు, పిల్లలు మత్తుగా పుడతాయి. సంచి కోత పెద్ద వంపు మీద, మాయ అంటుకునే గుబ్బల్ని తప్పించి పెట్టాలి. ఒక పిల్ల రాగానే కుట్లకి దిగకండి, గర్భసంచి రెండో కొమ్ములో (రెండో పాయలో) చెయ్యి పెట్టి చూడండి, అక్కడ ఇంకోటి మిగిలిపోతే తల్లి కూడా దక్కదు. ఊడి రాని మాయని పీకొద్దు, కుట్లలో ఇరుక్కోకుండా కత్తిరించి లోపలే వదిలేయండి. సంచి కుట్టేశాక ఆక్సిటోసిన్ ఇవ్వండి, ఇప్పుడు అది పనికొస్తుంది. తర్వాత యాంటీబయాటిక్, నొప్పి తగ్గడానికి మెలాక్సికామ్. తల్లి నిలబడేదాకా ఆగకుండా జున్నుపాలు పిండి మొదటి గంట రెండు గంటల్లోనే పిల్లలకి పట్టండి.