దవడ నొప్పికి ఏ చికిత్స ముందు, ఏది తర్వాత?

ముందు నొప్పి ఎక్కడిదో చూసుకోండి. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే కదిలేది దవడ కీలు; పళ్లు బిగిస్తే బుగ్గ వెనకా, కణత దగ్గరా ఉబికేవి నమిలే కండరాలు. చాలామందికి బాధ ఆ కండరాలదే, కానీ చెవిపోటు అనుకుని చుక్కలు వేసుకుంటూ వారాలు గడిపేస్తారు. నొప్పి లేకుండా టక్కుమని చప్పుడు మాత్రమే వస్తుంటే మామూలుగా చికిత్సే అక్కర్లేదు.

వద్దనుకుంటే ఆపేయగలిగిన చికిత్సతోనే మొదలుపెట్టండి. పళ్ల కలయిక సరిచేస్తామని పన్ను అరగదీస్తే అది మళ్లీ రాదు, దయచేసి తొందరపడి ఒప్పుకోకండి.

మూడు నెలలు దాటిన నొప్పి గురించి 2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు గట్టిగా చెప్పినవి ఖరీదైన పరికరాలు కావు: ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకునే దవడ వ్యాయామాలు, కండరాల్లో ముడిపడ్డ చోట చేత్తో నొక్కి వదులుచేయడం, టెన్షన్‌నీ నొప్పినీ తట్టుకోవడానికి కౌన్సెలింగ్. ఇంట్లో అయితే పెదవులు కలిపి, పళ్లు విడిగా ఉంచి, నాలుక కొనను ‘న’ అనేటప్పుడు తగిలే చోట ఆనించండి. ఫోన్ చూస్తున్నప్పుడూ, ట్రాఫిక్‌లో బండి మీదున్నప్పుడూ పళ్లు బిగుసుకున్నాయేమో గమనించుకోవాలి, అసలు పని అక్కడే ఉంది. నొప్పి తగ్గేదాకా జంతికలు, చెరకు, చూయింగ్ గమ్ పక్కన పెట్టి, 15-20 నిమిషాలు వేడి కాపడం పెట్టుకోండి.

రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు (స్ప్లింట్) పళ్లు అరగకుండా కాపాడుతుంది, నిద్రలో పళ్లు నూరేవాళ్లకు అది మంచిదే. దాన్ని పెట్టుకున్నప్పుడు కండరాల పని తగ్గినట్టు ఈఎమ్‌జీలో (కండరాల్లోని విద్యుత్తును గీతగా చూపే పరీక్ష) కనిపించొచ్చు, తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. బొటాక్స్ ఇంజెక్షన్ కండరాన్ని మూడు నాలుగు నెలలు బలహీనపరుస్తుంది, ఈఎమ్‌జీ గీత చదునవుతుంది, అంతమాత్రాన నొప్పి తగ్గిందని కాదు. దీర్ఘకాలపు నొప్పికి ఈ రెండింటినీ వద్దనే వైపే ఆ మార్గదర్శకాలు మొగ్గాయి. అందుకే ఏ చికిత్స తీసుకున్నా గ్రాఫ్ కాకుండా నొప్పికి పదికి ఎన్ని మార్కులో, ముందు పళ్ల మధ్య నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోందో మొదట్లోనూ తర్వాతా రాసుకుని పోల్చండి.

వక్క, గుట్కా అలవాటుండి నోరు మండుతూ తెరుచుకోకపోతే అది వేరే జబ్బు, వెంటనే డెంటిస్టుకి చూపించాలి. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే 108కి ఫోన్ చేయండి.