పిల్లల ఆట, పెద్దల చూపు – నాలుగో పాఠం: నడుస్తున్న ఆటలోకి అడుగుపెట్టడం

ఈసారి పిల్లల తగవుల గురించి చెప్పాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసాన్ని మీరు ఎలా చేశారో చదివాక ముందుకు కదలడానికి మనసొప్పలేదు.

నేను అడిగింది చిన్న పని. నలుగురు పిల్లలు ఉన్న చోట మీ పిల్లను పది నిమిషాలు చూడండి, నోరు విప్పకండి, చేసింది చేసినట్టు రాయండి అన్నాను. వచ్చిన కాగితాలు చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి. "పక్కన కూర్చుంది కానీ కలవలేదు." "సిగ్గుపడ్డాడు." "ఒంటరిగా ఆడుకుంటుంటే చూడలేక చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వాళ్ల మధ్య కూర్చోబెట్టాను." ఒక తండ్రి నాలుగో నిమిషంలోనే లేచి, "మా వాడిని కూడా చేర్చుకోండి" అని ఆ పిల్లలకు చెప్పి వచ్చారు. ఆ తర్వాతి ఆరు నిమిషాల గురించి ఆయన కాగితంలో ఒక్క వాక్యమే ఉంది: "వాళ్లు వేరే చోటికి వెళ్లిపోయారు."

ఇందులో నా పొరపాటూ ఉంది. మూడో పాఠంలో ఆరు రకాల ఆటను ఒకదాని కింద ఒకటి రాసి ఇచ్చాను. అలా రాస్తే మీకు నిచ్చెన మెట్లలా కనిపిస్తుందని నాకు తట్టలేదు. మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లో ప్రచురించిన పరిశీలనలోని విభజన అది: ఏ ఆటా లేకుండా ఊరికే ఉండటం, ఒంటరి ఆట, ఇతరుల ఆటను చూస్తూ ఉండటం, పక్కపక్కన ఆట, కలగలుపు ఆట (మాటలూ వస్తువులూ పంచుకుంటూ ఆడటం), జట్టు ఆట (పనులు పంచుకుని ఒకే ఆటను కలిసి నడపడం). వయసు పెరిగే కొద్దీ చివరి రెండూ ఎక్కువవుతాయని ఆమె గమనించిన మాట నిజమే. అంతమాత్రాన పక్కపక్కన ఆడే ఐదేళ్ల పిల్ల వెనకబడిందని అర్థం కాదు. ఆరోగ్యంగా ఎదుగుతున్న ఐదేళ్ల పిల్ల ఒక్క పూటలోనే ఈ ఆరింటిలోనూ తిరిగి రావచ్చు.

పక్కపక్కన ఆట అంటే ఒకే చోట, ఒకే రకం వస్తువులతో, ఎవరికి వారు ఆడుకోవడం. 1980లో వెలువడిన అధ్యయనంలో రోజర్ బేక్‌మన్, బ్రౌన్లీ అనే ఇద్దరు పరిశోధకులు మూడేళ్ల పిల్లల ఆట ఏ వరసలో మారుతోందో నమోదు చేశారు. కాసేపు పక్కపక్కన ఆడిన పిల్లలు అక్కడి నుంచి కలిసి ఆడటంలోకి జారడం వారికి తరచుగా కనిపించింది. అంటే అది గడప. మీ పిల్ల గడప మీద నిలబడి ఉంది. మీరు "కలవలేదు" అని రాసి, చెయ్యి పట్టి లోపలికి లాగారు.

గడప దాటడం దగ్గర నుంచి ఎలా ఉంటుందో చూపిస్తాను. నా నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ముగ్గురు పిల్లలు ఇసుకలో కాలువ తవ్వుతున్నారు. నాలుగేళ్ల పాప వచ్చింది.

మొదటి నిమిషం. నాలుగు అడుగుల దూరంలో నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. చూపు పిల్లల మొహాల మీద లేదు, వాళ్ల చేతుల మీద ఉంది. రెండో నిమిషం. చతికిలబడింది. మూడు, నాలుగు నిమిషాలు. తనూ ఒక గుంట తవ్వడం మొదలుపెట్టింది. వాళ్ల వైపు చూడలేదు. ఆ ముగ్గురిలో ఒకడు "గట్టు తెగింది!" అని అరిచాడు. ఈ పాప తన గుంటలోకే చూస్తూ, ఎవరితోనూ కాకుండా, "ఇక్కడా తెగింది" అంది. ఐదో నిమిషం. గుంట వాళ్ల కాలువ వైపు పెరిగింది. మధ్యలో జానెడు ఇసుక మిగిలింది. ఆరో నిమిషం. మగ్గుతో నీళ్లు తెచ్చి తన గుంటలో పోసింది. నీళ్లు అంచు దాటి వాళ్ల వైపు పాకాయి. "నీళ్లొస్తున్నాయి, నీళ్లొస్తున్నాయి!" అని ఆ ముగ్గురే కేకలు పెట్టారు. ఒకడు ఆ జానెడూ చేత్తో తెంపేశాడు. ఏడో నిమిషానికి పాప, "ఇంకో మగ్గు తెస్తాను, గట్టు పట్టుకోండి" అని వాళ్లకు పని పురమాయిస్తోంది.

చేర్చుకోమని ఎవరూ అడగలేదు, చేర్చుకుంటామని ఎవరూ అనలేదు. మూడో నిమిషం దగ్గర ఆ పాప తల్లి లేవబోయి కూర్చున్నారు. ఆమె అలా కూర్చోవడం వల్లే ఈ కథ మనకు మిగిలింది.

ఇక నన్ను ఏళ్లుగా బాధపెడుతున్న మాట దగ్గరికి వస్తాను. "వెళ్లి, నన్నూ ఆడించుకోండి అని అడుగు." దీన్ని మర్యాద నేర్పడం అనుకుంటాం. పెద్దల లోకంలో అది మర్యాదే. ఆటలో మాత్రం అదే పిల్లను వెనక్కి పంపే మాట. ఎందుకో విడమరచి చెబుతాను, ఎందుకంటే ఇది ఒకసారి చెబితే ఎవరూ నమ్మరు.

మొదటిది, ఉత్తుత్తి ఆటకు గోడలు ఉండవు. నాలుగు కుర్చీలు బస్సు కావాలంటే అందులో ఉన్న నలుగురూ ఆ క్షణంలో అది బస్సు అని ఒప్పుకుని ఉండాలి. బయటి నుంచి ఎవరో వచ్చి "నన్ను ఆడించుకుంటారా?" అనగానే డ్రైవరు డ్రైవరుగా ఉండటం మాని మామూలు పిల్లవాడై జవాబు చెప్పాలి. ఆట ఆగింది. ఆగిన ఆట మళ్లీ లేస్తుందన్న నమ్మకం పిల్లలకు ఉండదు. విలియం కోర్సారో అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోనూ ఇటలీలోనూ చిన్న పిల్లల బడుల్లో, పిల్లల మధ్యనే కూర్చుని ఏళ్ల తరబడి గమనించారు. పిల్లలు కొత్తవారిని వద్దనడంలో ఎక్కువ భాగం, తాము కష్టపడి నిలబెట్టుకున్న ఆట కూలిపోతుందన్న భయమేనని ఆయన వివరించారు. "వద్దు" అన్న పిల్లను గయ్యాళి అని తిట్టే ముందు ఇది గుర్తుకు తెచ్చుకోండి. ఆ పిల్ల తన బస్సును కాపాడుకుంటోంది.

రెండోది, అవునా కాదా అని అడిగితే కాదనడం చాలా తేలిక. ఆటలో మునిగి ఉన్న పిల్లకు ఇంకా తేలిక. బస్సు ఆపమని చెయ్యెత్తిన ప్రయాణికుడిని కాదనడం మాత్రం కష్టం, ఎందుకంటే బస్సు అన్నాక ప్రయాణికులు ఎక్కాలి. ఆట నియమమే లోపలికి రానిస్తుంది. వైగాట్‌స్కీ అనే సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో, ఊహ ఉన్న ప్రతి ఆటలోనూ నియమం దాగి ఉంటుందని చెప్పారు. అమ్మ వేషం వేసిన పిల్ల అమ్మలా నడుచుకుని తీరాలి. అదే నియమం మన పిల్లకు తలుపు తీస్తుంది.

మూడోది, అడగడం నేర్పితే పిల్ల చూడటం మానేస్తుంది. తిన్నగా వెళ్లి, అక్కడ ఏం జరుగుతోందో తెలియకుండానే అడుగుతుంది. మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు బడి ఈడు పిల్లలతో చేసి 1981లో ప్రచురించిన అధ్యయనంలో తేడా ఇక్కడే కనిపించింది. తోటివారికి అంతగా ఇష్టం లేని పిల్లలు ప్రశ్నలు వేశారు, తమ గురించి చెప్పుకున్నారు, అక్కడివారితో విభేదించారు. తోటివారు ఇష్టపడే పిల్లలు అక్కడ అప్పటికే నడుస్తున్నదానికి అనువుగా మాట కలిపారు.

అదే బస్సు ఆటలో చూడండి. "నేను డ్రైవర్ని" అంటూ వచ్చిన పిల్లవాడికి చోటు దొరకదు, ఆ చోటు నిండి ఉంది. "బస్సు ఇలా ఉండదు, తలుపు ఇటు ఉండాలి" అన్నవాడికీ దొరకదు. "మా ఇంట్లో ఇంతకంటే పెద్ద బస్సు ఉంది" అన్నవాడిని ఎవరూ పట్టించుకోరు. పక్కన నిలబడి చెయ్యెత్తి "ఆపండి, ఆపండి" అన్నవాడు ఎక్కుతాడు. డాక్టరు ఆటలోకి జ్వరం వచ్చిన బొమ్మను ఎత్తుకుని వెళ్లాలి. చెక్కముక్కలతో గోపురం కడుతుంటే, కట్టేవాడి చెయ్యి ఏ ముక్క కోసం తడుముకుంటోందో చూసి అది అందించాలి, పైన పెట్టకూడదు. పరుగు ఆటలోకి దారి మరీ సులువు, వాళ్లతో పరిగెత్తడమే.

"నా బొమ్మ ఇస్తాను, చేర్చుకోండి" అని లంచం ఇవ్వడం మాత్రం వద్దు. తీసుకుంటారు, ఆ పూటకు చేర్చుకుంటారు కూడా. కానీ చేరింది బొమ్మ, పిల్ల కాదు. బొమ్మ లేని రోజున ఆ సంగతి పిల్లకు తెలిసిపోతుంది.

పెద్దలు "వాడినీ చేర్చుకోండి" అని హుకుం జారీ చేస్తే జరిగేది ఇంకొకటి. పిల్లలు తలూపుతారు, వాణ్ని ఆటలో అరటిపండును చేస్తారు. ఈ అరటిపండు పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, పొరబడకండి. పెద్ద పిల్లల దాగుడుమూతల్లో రెండున్నరేళ్ల పిల్ల ఔటు కాకుండా, దొంగ కాకుండా, వెంట పరిగెడుతూ ఉంటుంది. ఓడిపోయే బాధ లేకుండా లోపలి నుంచి ఆట నేర్చుకుంటుంది. చిన్నవాళ్ల కోసం పిల్లలే తమలో తాము చేసుకున్న ఏర్పాటు అది. అయితే సమ ఈడు పిల్లవాణ్ని పెద్దల మాట మీద అరటిపండును చేస్తే అది శిక్ష. ఎవరూ వెతకరు, ఎవరూ పట్టుకోరు, దొంగ వంతు ఎప్పటికీ రాదు. అతను దాక్కుని, తనను ఎవరూ వెతకడం లేదని ఎంతోసేపటికి తెలుసుకుంటాడు. అలా దాక్కుని ఉండిపోయిన ఒక ఐదేళ్ల పిల్లవాణ్ని తలుపు వెనక నుంచి నేనే పిలుచుకొచ్చాను. "ఇంకా నన్ను పట్టుకోలేదు" అన్నాడు గర్వంగా. ఆట అయిపోయి చాలాసేపయింది. ఆ రోజు నుంచి "చేర్చుకోండి" అనే మాట నేను వాడలేదు.

మరి మీరు ఏమీ చేయకూడదా? చేయవచ్చు. నాకు అలవాటైన దగ్గరి దారి ఒకటి ఉంది. పిల్ల పక్కన కూర్చుని, అటు చూస్తూ, "వాళ్లు ఏం చేస్తున్నారు?" అని మెల్లగా అడుగుతాను. పిల్ల చెబుతుంది. "అక్కడ ఏం తక్కువైంది?" అంటాను. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరికిన పిల్ల సాధారణంగా నా పక్కన ఉండదు. జవాబు దొరకకపోతే చేతిలో ఒక మగ్గో, తాడు ముక్కో, ఖాళీ అట్టపెట్టో పెట్టి ఊరుకుంటాను. మీట నొక్కితే పాడే బొమ్మలు ఇందుకు పనికిరావు. వాటితో ఒకరు నొక్కుతారు, మిగతావాళ్లు చూస్తారు. తాడుకు రెండు కొసలు ఉంటాయి.

కాదంటే? మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇంకో వైపు నుంచి. మొదటిసారి కాదనిపించుకోవడం అందరు పిల్లలకూ మామూలే. రోజుల తరబడి అదే పిల్లను అదే జట్టు కావాలని వెలివేస్తుంటే అది వేరే సంగతి, అక్కడ పెద్దలు కల్పించుకోవాలి. కొట్టుకోవడం, గిచ్చడం ఉన్న చోటా అంతే.

అభ్యాసం. మీరు కాగితాల్లో రాసినవి ఎక్కువగా తీర్పులు. అందుకే ఈసారి కాస్త కఠినంగా ఇస్తున్నాను. పార్టెన్ ఒక్కో పిల్లను ఒక్కో నిమిషం చొప్పున, అనేక రోజులు చూశారు. మీరూ అలాగే చూడండి. ఐదు రోజులు, రోజుకు పది సార్లు, సారికి సరిగ్గా ఒక నిమిషం. ప్రతి నిమిషానికీ రెండు మూడు వాక్యాలు. ఆ వాక్యాల్లో పిల్ల ఏం చేసిందో మాత్రమే ఉండాలి. "సిగ్గు", "మొండి", "మంచి", "పాపం" అనే మాటలు కనిపిస్తే కొట్టేసి, చెయ్యి ఎక్కడ ఉంది, చూపు ఎటు ఉంది అని తిరిగి రాయండి. యాభై నిమిషాల్లో మీ పిల్ల ఆటలోకి చేరబోయిన సందర్భం ఒక్కటైనా ఉంటుంది, ఫలించినా ఫలించకపోయినా. దాన్ని రెండుసార్లు రాయండి. మొదట మీ పిల్ల నిలబడిన చోటి నుంచి రాయండి. తర్వాత లోపల ఆడుకుంటున్న పిల్లల్లో ఒకరు చెబుతున్నట్టు రాయండి: మేము ఏం ఆడుతున్నాం, ఎంత దాకా వచ్చింది, ఈ కొత్త పిల్ల వస్తే మా ఆటలో ఏది ఆగుతుంది.